ఏడు గుర్రాల ఆర్డర్ పట్టిన, ఒక్క గుర్రం కాళ్లు గూడ సక్కగ వస్తలేవు

జడ్చర్ల కుంచె

అన్నలకు అక్కలకు నమస్తే. నేను బోర్డులు రాసేటోన్ని, అంటే ఒకప్పుడు. మా నాయన గూడ అదే పని. మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తా చుట్టుపక్కల దుకాణాల పేర్లు మస్తు ఆయన చేతివే ఉండె. ఫ్లెక్సీ వచ్చినంక ఆ పని పోయింది, ఇప్పుడు బడి గోడల మీద అ ఆలు, అంగన్‌వాడి గోడ మీద చిలుక జామపండు, ఎలక్షన్లు వస్తే గోడ రాతలు, గట్ల నడుస్తున్నది.

ఇప్పుడు ముచ్చట ఏందంటే మా దగ్గర ఒకాయన కొత్త ఇల్లు కట్టిండు. హాల్ల సోఫా ఎనక గోడకు ఏడు గుర్రాల బొమ్మ కావాలంట, ప్రింటు వద్దు చేత్తోటి ఏసిందే కావాలంట. 6 అడుగుల పొడుగు, 3 అడుగుల ఎత్తు. 18,000 కు మాటైంది, 5,000 అడ్వాన్సు ఇచ్చిండు, దాంట్లకెళ్లి క్యాన్వాసు తెచ్చిన, మిగిలింది ఇంట్ల ఒడిసిపోయింది, కాబట్టి నాతోని కాదని చెప్పే ముచ్చటే లేదు. గృహప్రవేశం ఇంక 22 రోజులుంది.

ఆయన షరతులు ఇనుండ్రి. ఏడూ తెల్లగనే ఉండాలె. కళ్లెం, జీను ఉండొద్దు. అన్ని ఒక్కదిక్కే ఉర్కాలె. మొఖాలు కోపంగ ఉండొద్దు. నీళ్లల్ల ఉర్కుడు వద్దు, నేల మీదనే ఉర్కాలె. ఏ గుర్రం గూడ సగమే కనపడొద్దు, అన్నిటికి నాలుగు కాళ్లు లెక్కకు రావాలె, అంటే మొత్తం 28 కాళ్లు! వాస్తు చెప్పినాయన చెప్పిండంట.

నాకు అక్షరం రాయమంటే నిద్రల లేపినా రాస్త. గుర్రం దగ్గరికొచ్చే సరికి చెయ్యి పడిపోయింది. ఫోన్ల దొరికిన బొమ్మకు గళ్లు కొట్టి క్యాన్వాసు మీద దింపిన, గళ్లు కరెక్టే ఉన్నయి, బొమ్మ మాత్రం ఏదో బోలుగ వచ్చింది. ముంగటి కాళ్లు కుర్చీ కాళ్ల లెక్క, ఎనక కాళ్లు కుక్కవి. ఇది కాదని గుళ్లె అశ్వవాహనం ఉంటది కదా ఆ కట్టె గుర్రం, దాన్ని పోయి చూసి గీసిన, అది ఇంక ఘోరం, కురుమూర్తి జాతరల రంగులరాట్నం గుర్రాలు ఉర్కినట్టుంది. మా బిడ్డ ఏడో తరగతి, "నాయినా మూడోది బర్రెదూడనా" అన్నది. తుడిచేసిన.

రెండు అడుగుతున్న. ఒకటి కాళ్లు ఎట్ల పట్టుకోవాలె. రెండోది తెల్ల గుర్రానికి తెలుపు ఎట్ల ఏస్తరు, నా దగ్గర తెల్ల ఎనామిల్ డబ్బ ఉన్నది, అది కొట్టి నల్లరంగుతోటి నీడలు పెడితే సున్నం కొట్టిన గోడ మీద మసి పూసినట్టు అయితున్నది.

నల్లగొండ డ్రాయింగ్ సారు

తమ్మీ, బడిలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పి రిటైరైన. లోయర్, హయ్యర్ పరీక్షలకు వచ్చే పిల్లలు కుండలు, పూలు బ్రహ్మాండంగా వేస్తరు, జంతువు అనంగనే చేతులెత్తేస్తరు, నువ్వు ఒక్కనివే కాదు, ముందు ఆ భయం తీసెయ్.

నీ తప్పు చేతిలో లేదు, పేర్లలో ఉంది. గుర్రం ముందు కాలుకు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేదాన్ని నువ్వు మోకాలు అనుకుంటున్నవు, అందరూ అట్లనే అంటరు. అది మోకాలు కాదు, మణికట్టు. ఇప్పుడు ఇది చదువుడు ఆపి ఒక పని చెయ్. బల్ల మీద చెయ్యి పెట్టి, అరచెయ్యి పైకి లేపి, నడిమి వేలు గోరు ఒక్కటే బల్లకు ఆనేటట్టు నిలబెట్టు. గుర్రం నిలబడేది అట్లనే. డెక్క అంటే నడిమి వేలి గోరు, పక్క వేళ్లు లేనట్టే. గోరు పైన వేలు, వేలు పైన అరచేతి ఎముక, ఆ పైన మణికట్టు, ఇంక పైకి పోతే మోచెయ్యి, అది ఛాతీకి ఆనుకొని దాదాపు కడుపులో కలిసిపోయి ఉంటది.

ఎనక కాలు గూడ అంతే. ఎనక్కి పొడుచుకొచ్చినట్టు ఒక మూల కనపడతది చూడు, నువ్వు "మోకాలు ఉల్టా మడిచింది" అనుకునేది, అది మడమ. ఆడోళ్లు హై హీల్స్ ఏసుకొని నిలబడ్డప్పుడు మడమ పైకి లేస్తది కదా, దాన్ని ఇంకా ఇంకా పైకి లేపినవనుకో, అదే. అసలు మోకాలు పైన, కడుపు అంచున తోలు మడతపడ్డ చోట ఉంటది. ఈ ఒక్క ముచ్చట తలకెక్కితే నీ సగం కష్టం పోతది. ముందు కాలు లేపినప్పుడు మణికట్టు ముందుకు పొడుచుకొస్తది, డెక్క ఎనక్కి మడుస్తది. ఎనక కాలు లేపినప్పుడు మడమ ఎనక్కే చూస్తది. నువ్వు రెండిటినీ ఒక్కతీరు మడిచి ఉంటవు, అందుకే కుక్క వచ్చింది. (నిజానికి కుక్క ఎముకలు గూడ ఇదే లెక్క, కానీ అది పంజా మీద నడుస్తది, ఇది గోరు మీద నిలబడతది, మడమ నుంచి నేల దాకా దీనికి చానా పొడుగు.)

ఇంకోటి, మణికట్టు కింద, మడమ కింద కండ ఉండదు. ఎముక, తాళ్ల లాంటి నరాలు, వాటి మీద తోలు, అంతే. నువ్వు అక్కడ గూడ లావు పెట్టినవు, అందుకే కుర్చీ కాలు అయింది. కండ అంతా పైననే, పిరుదు, తొడ, భుజం. మనకు మెడ కింద రెండు పక్కల అడ్డం ఎముకలుంటయి కదా కాలర్ బోన్లు, అవి గుర్రానికి లేవు. ముందు కాళ్లు ఒంటికి కండల తోటే అంటుకొని ఉంటయి, ఉరికేటప్పుడు భుజం పలక ముందుకూ ఎనక్కూ జారుతది. గుళ్లె కట్టె వాహనానికి అది జారదు, స్తంభం స్తంభమే.

కొలత: తల పొడుగు తీసుకో. ఛాతీ నుంచి పిరుదు దాకా రెండున్నర తలలు, నేల నుంచి జూలు మొదలయ్యే మూపు దాకా గూడ సుమారు రెండున్నర తలలు. అంటే తల, మెడ తీసేస్తే గుర్రం చదరంలో కూచుంటది. ఆ ఎత్తులో సగం ఒళ్లు, సగం కాళ్లు. నువ్వు బోర్డు మీద అక్షరాలకు గీతలు కొట్టుకుంటవు కదా, అట్ల కొట్టుకో.

ఫ్రేముల దుకాణం

ఇంత తిప్పలు ఎందుకన్నా, ఆన్‌లైన్ల ఏడు గుర్రాల క్యాన్వాసు ప్రింటు వెయ్యి లోపల వస్తది, తెచ్చి పైకెళ్లి జెల్ పూసి బ్రష్ గీతలు పెట్టు, ఎవనికి తెలుస్తది. మా దగ్గర నెలకు పదిహేను అట్లనే పోతయి. 18,000 ల నీకు 16,000 మిగులుతయి.

జడ్చర్ల కుంచె

@ఫ్రేముల దుకాణం అన్నా చెయ్యొచ్చు, నాకు ఆ ఆలోచన రాలేదని కాదు, రాత్రి రెండింటికి వచ్చింది. కానీ ఆయన రోజు మార్చి రోజు మా ఇంటికొచ్చి ఎంతదాక అయిందని చూసిపోతున్నడు, చాయ తాగి. ఇంకోటి, ఫ్లెక్సీ ప్రింటే కదా మా నాయన పనిని తిన్నది, ఇప్పుడు నేనే ప్రింటు మీద బ్రష్ రుద్దితే ఎట్ల.

@సారు, దండం. చెయ్యి బల్ల మీద పెట్టి చూసిన, మా బిడ్డ గూడ పెట్టింది, ఇద్దరం గుర్రాలమయినం. మీరు చెప్పినంక నా పాత బొమ్మ చూస్తే నాకే నవ్వొచ్చింది, ఎనక కాలుకు మూడు మోకాళ్లు పెట్టిన.

దేవరకొండోడు హైద్రాబాద్‌ల

సారు నిలబడే గుర్రం చెప్పిండు, నేను ఉరికే గుర్రం చెప్త, ఎందుకంటే నీ ఆర్డరు ఉర్కుడే కదా. నేను ఉండేది మలక్‌పేట్ దిక్కు, రేస్ కోర్సు దగ్గరనే, పందెం కాయనులే గాని చూడనీకె పోత.

ఫోన్ల దొరికే ఏడు గుర్రాల బొమ్మలు చానా వాటిల్ల ముంగటి రెండు కాళ్లు ముందుకు, ఎనక రెండు కాళ్లు ఎనక్కు, పిల్లి సాగినట్టు సాగి గాల్ల ఉంటయి. గుర్రం గట్ల ఉర్కదు! పెద్ద పెద్ద పెయింటర్లు గూడ వందల ఏండ్లు గట్లనే ఏసిన్రు. ఫ్రాన్సుల జెరికో అని ఒకాయన 1821 ల ఎప్సమ్ డెర్బీ అని రేసు బొమ్మ ఏసిండు, ప్యారిస్ లూవ్ మ్యూజియంల ఉన్నది, నాలుగు గుర్రాలు, నాలుగూ గట్ల సాగే ఉంటయి, కడుపులు నేలకు తగులుతయా అన్నట్టు. బొమ్మ మాత్రం అద్భుతం, ఆ మబ్బు, ఆ ఊపు... ఉర్కుడు తప్పు అయినా ఊపు ఉన్నది, అది వేరే ముచ్చట.

తర్వాత 1878 ల అమెరికాల మైబ్రిడ్జ్ అని ఫొటోగ్రాఫర్, కాలిఫోర్నియా పాత గవర్నరు స్టాన్‌ఫర్డ్ పైసలు పెడితే, రేసు ట్రాకు పక్కపొంటి వరసగ కెమెరాలు పెట్టి దారాలు అడ్డం కట్టిండు, గుర్రం కాళ్లు దారానికి తగిలినకొద్ది ఒక్కో కెమెరా ఫొటో తీసుకుంట పోయింది. అప్పుడు తెలిసింది, గుర్రం నాలుగు కాళ్లు గాల్ల ఉండే గడియ ఉన్నది నిజమే గాని, అది కాళ్లు సాగినప్పుడు కాదు, నాలుగూ కడుపు కింద ముడుసుకున్నప్పుడు. మన కంటికి అందదు అది. దెగా అసొంటి పెయింటర్లు ఆ ఫొటోలు చూసి తమ గుర్రాలు మార్చుకున్నరు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఏందంటే, గుర్రం ఉరికే వీడియోను స్లో మోషన్ల పెట్టి ఆపుకుంట ఆపుకుంట ఏడు చోట్ల ఆపు, ఏడు వేరే వేరే గడియలు. ఒకటి ముడుసుకున్నది, ఒకటి ఎనక కాలు ఒక్కటే ఆనింది, ఒకటి ముంగటి కాలు మీద బరువు పడ్డది, గిట్ల. ఏడు గుర్రాలు ఒక్క గడియలనే ఉంటే గణతంత్ర దినం పరేడ్ లెక్క ఉంటది. ఏ కాలు ఏ గుర్రానిదో తెల్వనీకె ముందు 28 కాళ్లు 28 పుల్లల లెక్క గీసుకో, తర్వాత కండ.

బొగ్గు పెన్సిల్

సూర్యాపేట నుంచి. మాసబ్ ట్యాంక్‌లో బీఎఫ్ఏ చేశాను, ఇప్పుడు ఆన్‌లైన్‌లో పిల్లలకి క్లాసులు చెప్తున్నా. పైన చెప్పినవన్నీ కరెక్టే, కానీ అన్నా మీరు ఇంతవరకు చూసినవి ఏంటి? ఫోన్‌లో బొమ్మ, గుళ్లో కట్టె గుర్రం. అంటే ఇంకొకళ్లు గీసిన గుర్రం, ఇంకొకళ్లు చెక్కిన గుర్రం. ఇప్పుడు వీడియో చూడమంటున్నారు, అది కూడా ఫోనే. మీరు అసలు గుర్రాన్ని ఎప్పుడైనా అరగంట సేపు చూశారా?

ఇంగ్లండ్‌లో జార్జ్ స్టబ్స్ అని 18వ శతాబ్దం ఆయన ఉన్నాడు. పల్లెటూళ్లో ఒక ఇల్లు తీసుకుని 18 నెలలు చచ్చిన గుర్రాలను కప్పుకి కొక్కేలతో వేలాడదీసి తోలు తీసి, కండ తీసి, పొర తర్వాత పొర గీసుకున్నాడు. ఆ వాసన ఎట్లా భరించాడో! 1766లో అది పుస్తకంగా వేశాడు, పలకల మీద తనే చెక్కుకుని. ఆయన వేసిన విజిల్‌జాకెట్ అనే గుర్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు బొమ్మ, ఎనక ఏమీ లేదు, కొండ లేదు చెట్టు లేదు మబ్బు లేదు, ఒక్క గుర్రం, డెక్క కింద చిన్న నీడ. గుర్రం తెలిసినవాడికి బ్యాక్‌గ్రౌండ్ అక్కర్లేదు. (మీకు మాత్రం నేల కావాలి, కస్టమర్ అడిగాడు కాబట్టి.)

మిమ్మల్ని గుర్రాన్ని కోయమనట్లేదు లెండి. ఎవరిదగ్గరైనా ఉంటే పోయి కూర్చోండి. నేను కాలేజీలో ఉన్నప్పుడు గుర్రాల షెడ్డుకి పోయి గీస్తుంటే అక్కడి పనివాళ్లు పని వదిలేసి నన్నే చూస్తుండె, ఆడపిల్లకి ఇక్కడేం పని అని. తర్వాత చదివాను, ఫ్రాన్స్‌లో రోజా బొనెర్ అనే ఆవిడ ప్యారిస్ గుర్రాల సంతలో గీసుకోవడానికి మగవాళ్ల బట్టలు వేసుకుని పోయేదంట, ఆ బట్టలకి పోలీసుల దగ్గర పర్మిషన్ తీసుకుని మరీ! ఆ సంత బొమ్మ ఎనిమిది అడుగుల ఎత్తు, పదహారు అడుగుల పైన పొడుగు, ఇప్పుడు న్యూయార్క్ మెట్ మ్యూజియంలో ఉంది. నాకు పోలీసుల దాకా రాలేదు, మా అన్నయ్య ప్యాంటు సరిపోయింది.

ఇంకో మాట, మీరు బోర్డు పెయింటర్‌నని తక్కువ చేసుకుని రాశారు. మన దేశంలో గుర్రం అనగానే అందరికీ గుర్తొచ్చే ఎం.ఎఫ్. హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు రాసే బతికాడు. చిన్నప్పుడు మొహర్రం ఊరేగింపుల్లో గుర్రం బొమ్మని చూసింది మనసులో ఉండిపోయింది, 1952లో చైనా పోయినప్పుడు అక్కడి పాత మట్టి గుర్రాలు చూశాడు, ఇవన్నీ కలిసి ఆయన గుర్రం అయింది. హైదరాబాద్‌లో సినిమా ఘర్ కట్టుకుంది ఆయనే. ఆ గుర్రాలకి సారు చెప్పిన కొలతలు ఉండవు, మెడ విరిగినట్టు తిరిగి ఉంటుంది, పళ్లు బయటికి ఉంటాయి, అయినా ఒక్క గీతలో గుర్రం ఉంటుంది. హోర్డింగ్ మీద నిచ్చెనెక్కి పెద్ద గీత ఆగకుండా లాగే చెయ్యి అది. ఆ చెయ్యి మీకూ ఉంది. గళ్లు కొట్టి భయపడి చిన్న చిన్న గీతలు పెట్టకండి, భుజం నుంచి లాగండి.

సుద్దమట్టి

అక్కా హుస్సేన్ దాంక ఎందుకు, చేర్యాల పటాలు చూడుండ్రి. ఎర్రటి నేల మీద గుర్రం, కాళ్లు అగ్గిపుల్లలు, మొఖం పక్కకు, కన్ను మాత్రం నిండుగ, ఏ కొలత లేదు. చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసిన బట్ట మీద నకాషీలు ఏసిన ఆ గుర్రం ఎక్కి కథల వీరుడు పోతుంటే, చెప్పేటోడు కట్టెతోటి చూపిచ్చుకుంట చెప్తుంటే, ఎవడన్న మణికట్టు యాడున్నదని అడిగిండా? ఎముకలు నేర్సుకున్నోళ్ల గుర్రాలే గుర్రాలు అన్నట్టు మాట్లాడుతున్రు అందరు.

నల్లగొండ డ్రాయింగ్ సారు

@సుద్దమట్టి బాబూ నువ్వు చెప్పింది నిజమే, నేను కాదంటలేను. కానీ నకాషీకి ఆ గుర్రం తాత తండ్రుల నుంచి చేతికొచ్చింది, ఆయనకు అది అక్షరం లాంటిది, మన తమ్ముడికి "అ" ఎట్లనో అట్ల. ఈ కస్టమర్‌కు కావాల్సింది ఫొటో లాంటి గుర్రం. చేర్యాల గుర్రం తీసుకపోయి సోఫా ఎనక పెడితే అడ్వాన్సు తిరిగిమ్మంటడు.

పాలమూరు బ్యాండ్

అన్నా జడ్చర్ల కుంచె, మాది పెండ్లి బ్యాండు, బరాత్‌కు గుర్రం పెట్టేటాయన మాకు తెలిసినోడే, మహబూబ్‌నగర్ల ఉంటడు, నీకు మెసేజ్ పెట్టిన చూడు. లగ్గాలు లేని రోజుల పో, పొద్దుగాల ఏడింటికి పో, అప్పుడు గడ్డేసి కడుగుతడు, నిమ్మళంగ ఉంటది. సక్కగ ఎనకకెళ్లి పోకు, పక్కకెళ్లి మాట్లాడుకుంట పో, ఎనకకెళ్లి సప్పుడు లేకుంట పోతే తంతది, మా డ్రమ్ము కొట్టేటోని తొడకు ఇప్పటికీ డెక్క మచ్చ ఉన్నది. చెవులు ఎనక్కి అతికించినట్టు పెట్టిందంటే దూరం జరుగు. కోపం ఉండొద్దన్నడు కదా నీ కస్టమరు, కోపం మొఖంల కాదు, చెవులల్ల ఉంటది. ముందుకు నిక్కబెట్టు చెవులు, అయిపోయె.

గుర్రపాయన మాటలు గూడ నేర్సుకో, మంచిగుంటయి. నడిచేది కదం, ఊగుకుంట పోయేది దుల్కి, దౌడు తీసేది సర్పట్. రంగులకు గూడ పేర్లున్నయి, నల్లది ముష్కీ, ఎర్రగోధుమదాన్ని కుమ్మైత్ అంటడు, లగ్గాలకు తెచ్చేది నుక్రా.

ఈశాన్యం

అందరూ కాళ్ల గురించే చెప్తున్రు, అసలు ముచ్చట ఎవరూ అడుగలే. ఏ గోడకు పెడతరు? గుర్రాలు ఇంట్లకు ఉర్కాలె, బయటికి ఉర్కితే లక్ష్మి పోతది.

దేవరకొండోడు హైద్రాబాద్‌ల

ఒకరు తూర్పంటరు ఒకరు దక్షిణమంటరు, గోడ ఉన్నకాడ పెడతరు అన్నా. ఏడు అన్నది సూర్యుని రథం గుర్రాల లెక్క, అవి వేదంల ఛందస్సుల పేర్లు, గాయత్రి, బృహతి, ఉష్ణిక్కు, జగతి, త్రిష్టుప్పు, అనుష్టుప్పు, పంక్తి. కోణార్క్‌ల రాతి రథానికి గూడ ఏడే. వాటికి కళ్లెం, పగ్గం, అనూరుడు తోలేటోడు అన్నీ ఉన్నయి. కళ్లెం లేకుంట, రథం లేకుంట ఉర్కే ఏడు గుర్రాలు క్యాలెండర్లోళ్లు పుట్టిచ్చినయే అని నా అనుమానం. తమ్ముని కడుపు నిండుతున్నది కాబట్టి ఏమంటలేను.

జడ్చర్ల కుంచె

నాలుగు రోజులైంది, రాయనీకె టైం దొరకలే.

పోయిన. మూడు పొద్దులు పోయిన. మొదటి రోజు ఏం గీయలే, పెన్సిలు తీయనే లేదు, గుర్రపాయన "ఏం బిడ్డా కొనేదుందా" అన్నడు. పేరు బాద్‌షా అంట, ముసలిది, కండ్ల పొంటి నీరు కారుకుంట ఉంటది. నేను తెల్లగుర్రం అంటే తెల్లగనే ఉంటది అనుకున్న. మూతి గులాబీ రంగు! కండ్ల చుట్టు గులాబీ, చెవి లోపల గులాబీ, అక్కడక్కడ తోలు పలచబడ్డకాడ గులాబీ కనపడతది, మన పెద్దమనుషుల పెదువుల రంగు. నుక్రా అంటే గట్లనే ఉంటదంట, తోలే గులాబీ. ఇంకో తీరు తెల్లగుర్రం ఉంటదంట, పుట్టినప్పుడు నల్లగనో బూడిదగనో ఉండి ఏండ్లు పోయినకొద్ది తెల్లబడతది, దానికి తోలు నల్లదే కాబట్టి మూతి నల్లగ ఉంటది. ఫోన్ల బొమ్మలల్ల ఉన్నయి గా తీరువే కావొచ్చు.

ఇంకోటి చూసిన. నిలబడ్డప్పుడు ఎనక కాలు ఒకటి ఎప్పుడూ సడలిచ్చి డెక్క కొస ఒక్కటే ఆనిచ్చి పెడతది, అప్పుడు ఆ పక్క పిరుదు కిందికి జారుతది, మనం పాన్ డబ్బ దగ్గర ఒక కాలు మీద నిలబడ్డట్టే. జెరసేపైతే కాలు మారుస్తది. అప్పుడే సారు చెప్పిన మడమ నాకు నిజంగ కనపడ్డది, తోలు కింద కదిలింది. అంతకు ముందు సమజైంది గాని కనపడలే.

రెండో రోజు గుర్రపాయన తాడు పట్టుకొని దుల్కి ఉర్కిచ్చిండు, పైసలు గూడ అడుగలే. ముంగటి కుడికాలు ఎనక ఎడమకాలు కలిసి లేస్తున్నయి, మల్ల అటుది ఇటుది. సర్పట్ మాత్రం చేయియ్య అన్నడు, ముసలిదైంది ఊపిరి అందదంట, గందుకే దానికి వీడియోలే దిక్కు. పాత నోట్ బుక్కుల 40 దాంక గీసిన, 30 ఖరాబు. భుజం కెళ్లి లాగుమన్నది అక్క, బోర్డు మీద "శ్రీ" రాసేటప్పుడు తల నుంచి తోక దాంక ఒక్క ఊపుల పోత కదా, గుర్రం మెడ నుంచి తోక దాంక గట్ల లాగితే వచ్చింది. నాకే ఒళ్లు జలదరిచ్చింది.

ఇంక రంగు ముచ్చట చెప్పుండ్రి.

బొగ్గు పెన్సిల్

మూతి సంగతి మీరే పట్టుకున్నారు, ఇంక నేను చెప్పేది తక్కువ. ముందు ఆ ఎనామిల్ డబ్బా మూత పెట్టేయండి. ఆయిల్ ఎనామిల్ తెలుపు ఇంట్లో వెలుతురు తక్కువున్న గోడ మీద రెండు మూడేళ్లకే పసుపెక్కుతుంది, ఏడు గుర్రాలకీ కామెర్లు వస్తాయి. అక్రిలిక్ తీసుకోండి, టైటానియం వైట్ పెద్ద ట్యూబు. నలుపు ట్యూబు కొనకండి. నీడకి అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా కలపండి, ఏది ఎక్కువేస్తే ఆ దిక్కుకి బూడిద రంగు వస్తుంది, చల్లనిదో వెచ్చనిదో.

తెల్ల గుర్రానికి సొంత రంగు ఉండదనుకోండి, పక్కనున్నవాళ్ల రంగు తీసుకుంటుంది. వీపు మీద ఆకాశం పడుతుంది కాబట్టి ఆ నీడల్లో నీలం. కడుపు కింద నేల రంగు ఎగిరి పడుతుంది. మీది మన చెలకల ఎర్రమట్టి నేల వేస్తే కడుపు కింద, తొడల లోపలి వైపు వెచ్చని నారింజ రావాలి. శుద్ధ తెలుపు ఎక్కడా పూయకండి, ఎండ తగిలే నాలుగైదు చోట్ల చివర్లో పెట్టడానికి దాచుకోండి. ఏడూ ఒకే తెలుపు కాకూడదు, ముందున్నవి వెచ్చగా, ఎనకవి నీలంగా పలచగా. దుమ్ము కూడా లేపండి, 28 కాళ్లు కనపడాలన్నాడు గాని 28 డెక్కలు స్పష్టంగా అనలేదు కదా!

సుద్దమట్టి

దుమ్ముల కాళ్లు దాసుడు. ఇది నచ్చింది నాకు 😀

జడ్చర్ల కుంచె

అయిపోయింది. నిన్ననే గోడకెక్కింది. ఫొటో పెడదామంటే ఆయన ఇల్లు ఆన్‌లైన్ల పెట్టొద్దన్నడు, కాబట్టి చెప్తున్న ఇనుండ్రి.

ఏడు గుర్రాలు, ఏడు తీర్ల ఉర్కుతున్నయి. రెండోది, ఆరోది మంచిగ కుదిరినయి, ఐదోది ఇంక జెర బర్రెనే, మా బిడ్డ గూడ ఒప్పుకుంది. కాళ్లు 28 ఆయన ఏలు పెట్టి లెక్కబెట్టిండు, రెండుసార్లు. దుమ్ముల డెక్కలు లెక్కకు రాలే గాని మడమలు లెక్కబెట్టుకొని ఊకున్నడు. నేల ఎర్రమట్టి, ఎనక దూరంగ మా దిక్కు బండగుట్ట ఒకటి పెట్టిన, అడుగలేదు గాని పెట్టిన.

లొల్లి ఏడైందంటే మూతుల కాడ. అన్నిటికి గులాబీ మూతులు పెట్టిన కదా, ఆయన చూసి "ఇదేంది పందులకున్నట్టు, నెట్ల నల్లగ ఉన్నయి కదా" అన్నడు. నుక్రా ముచ్చట చెప్పిన, ఇనలే. బాకీ 13,000 చేతుల పెట్టుకొని నిలబడ్డడు మనిషి. ఏం చేద్దు, అక్కడనే బ్రష్ తీసి ఆరిటికి బూడిద నలుపు కలిపి మార్చిన. ముంగటిది, మొదటి గుర్రం, దాన్ని మాత్రం మార్చబుద్ధి కాలే, రంగు అయిపోయిందన్న. పేలెట్ మీద ఉన్నది గాని అయిపోయిందన్న.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది చూడనీకె, ఎనభై దాటి ఉంటయి, కట్టె పట్టుకొని వచ్చి సోఫాల కూసోని చానా సేపు చూసింది. మేం బొట్లు పెట్టుకొని టెంకాయ కొట్టేదాంక గూడ అటే చూస్తున్నది. తర్వాత ముంగటి గుర్రం దిక్కు కట్టె చూపిచ్చి కొడుకును అడిగింది, "ఇది నీ లగ్గంల ఎక్కిన గుర్రమే కదర?"